కాల్చని కళ్ళు

కోలారు బంగారు గనుల ఊళ్ళోని కోరమండల్ పేటలో, గని కార్మికుల పాత ఇళ్ళ వరసలో, స్టెల్లమ్మ ఎర్రగా కాలిన ఇనుప కడ్డీతో మామిడి పలక మీద గుడ్లగూబను గీస్తోంది. ఈకలన్నీ నల్లగా కాల్చినా, కళ్ళను మాత్రం చెక్క రంగులోనే వదిలేసింది.

"గుడ్లగూబ ఇంట్లో ఉంటే మావైపు అపశకునం అంటారమ్మా," ఆమె పని చూడ్డానికి వెళ్ళిన నేను అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "యాడి అపశకునమప్పా? మా నాయన గనిలో దిగినాడంటే తలమీద లైటు తప్ప ఇంగ వెలుగే ఉండ్లేదు. ఆ లైటు మాదిరే ఈ కండ్లు, అందుకే కాల్చను. చీకట్లో పని చేసినోళ్ళం మేము. గూబ మాకు చుట్టం."

అడిగి తెచ్చుకున్న ఆ గుడ్లగూబ ఇప్పుడు మా విజయవాడ ఇంటి గుమ్మం మీద ఉంది. దాన్ని చూసి ఎవరైనా ముఖం చిట్లిస్తే, "కోలారు నుంచి వచ్చిన చుట్టం," అని దర్జాగా చెబుతాను.