నీళ్ల మేడం భయం

ఊరి చివర నీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకు ఆమె పెద్ద. చేతికింద ఇరవై రెండు మంది. సగం నగరం తాగే నీళ్లు ఆమె సంతకం మీదే గొట్టాల్లోకి వెళ్లేవి కాబట్టి అందరూ ఆమెను నీళ్ల మేడం అనేవారు.

ఆరేళ్ల కిందట ఏరు పొంగి బురదనీళ్లు ప్లాంటులోకి ఎగదన్నినప్పుడు, మూడు రోజులు ఇంటి మొహం చూడకుండా అక్కడే ఉండి, ఒక్క చెడ్డ చుక్క బయటికి పోనివ్వలేదు. అప్పటినుంచి "మేడం ఉంటే చాలు" అన్నది అందరికీ ఊతపదమైపోయింది. మొదట్లో ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. తర్వాత ఇద్దరు ఇంజినీర్లు వేరే చోటికి వెళ్లిపోయారు, వాళ్ల కుర్చీల్లోకి ఎవరూ రాలేదు. ఆ పని కూడా ఆమే నెత్తిన వేసుకుంది. తనను అడక్కుండా ఎవరూ ఏ వాల్వూ ముట్టుకోకూడదంది. చెప్పినదానికి ఎదురు ప్రశ్న వేస్తే అందరిముందూ కడిగేసేది. ప్లాంటు ఫోను స్నానాల గదిలోకి కూడా వెంట వచ్చేది.

భయం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. ఫోను మోగితే చాలు, ప్లాంటులో ఏదో అయిపోయిందనుకునేది. వీధిలో అంబులెన్సు కూత వినిపిస్తే, నీళ్లు తాగి ఎవరికో ఏదో అయిందని గుండె జారిపోయేది. ఇంట్లో కుళాయి నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూసేది, వాసన చూసేది, పారబోసేది, మళ్లీ పట్టేది. సిటీ బస్సు నడిపే ఆమె భర్త ఓ రోజు చూసి నవ్వాడు. ఆ నీళ్లు పంపింది నువ్వే కదా, నీ వంట నువ్వే తినని వంటమనిషిలా ఉన్నావే అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ గ్లాసు కూడా పారబోసి మళ్లీ పట్టడం చూశాక అతనూ నవ్వు ఆపేశాడు.

ఒక పొద్దున, బాగా వానపడ్డ మర్నాడు, ఏటినీళ్లు ఎర్రగా వస్తున్నాయి. ఎంత క్లోరిన్ కలపాలో చెప్పమని ఆపరేటరు వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న మనిషి, తనలో తనే ఏదో అనుకుంటూ తిరుగుతాడని అందరూ గొణుగుడు బాబాయి అంటారు. ఆమె మీటర్ల వైపు చూసింది. ముళ్లు కనిపిస్తున్నాయి, అంకెలు కనిపిస్తున్నాయి, వాటికి అర్థం మాత్రం తట్టడంలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పింది.

"ఇరవై పెట్టు."

క్లోరిన్ వదిలే చక్రం మీదకి వెళ్లిన బాబాయి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమెను ఎప్పుడూ మీరు అనే మనిషి, ఆ రోజు మెల్లగా అన్నాడు. "ఇరవై కాదమ్మా, రెండు. నువ్వు కాస్త కూర్చో."

ఆమె అక్కడే, తడి నేలమీదే కూలబడింది. పదింతల క్లోరిన్ చెప్పినందుకు కాదు. బాబాయి స్థానంలో ఇంకెవరున్నా మారుమాట్లాడకుండా ఆ చక్రం తిప్పేసేవారు. అలా తిప్పమని నేర్పింది తనే. ఇన్నాళ్లూ ఎవరో తప్పు చేస్తారని భయపడుతూ, తన తప్పును పట్టుకునే నోరు ఇంకొక్కటి కూడా మిగలకుండా చేసుకుంది.

భర్త బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఫోను ఇంట్లో వదిలి బయటికి వెళ్లింది ఎప్పుడని డాక్టరమ్మ అడిగితే, ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు.

"నాకు మతి చెడుతోందా డాక్టరుగారూ?"

"లేదండి. బాగా అలిసిపోయారు. నాలుగు రోజులు నిద్రపోతే తీరే అలసట కాదిది. రెండు నెలలు అటువైపు వెళ్లకండి."

మొదటి రెండు వారాలూ నరకమే. పగలంతా మత్తుగా పడి నిద్రపోయేది, లేవగానే దొంగతనం చేసినట్టు ఉలిక్కిపడేది. మూడో వారం ఇక ఉండబట్టలేక, భర్తకు చెప్పకుండా వెళ్లి ప్లాంటు గేటుకు ఎదురుగా రోడ్డవతల నిలబడింది. లోపల ఏదో ఘోరం జరిగిపోయి ఉంటుందనుకుంది. మోటార్ల హోరు ఎప్పటిలాగే ఉంది. దానికీ ఓ రకంగా భయమే వేసింది. నేను లేకపోయినా నడుస్తుంటే, ఇక నేనెందుకు?

డ్యూటీ దిగి వస్తున్న బాబాయి ఆమెను చూసి రోడ్డు దాటి వచ్చాడు. అంతా బాగానే ఉందా అని అడిగింది. ఉందన్నాడు. కాసేపు తనలో తనే గొణుక్కుని, ఆఖరికి పైకే అనేశాడు.

"మీరు లేరని మాకు భయం లేదమ్మా. మీరున్నప్పుడే, నోరు విప్పాలంటే భయం."

చెంప మీద కొట్టినట్టయింది. బస్సులో ఇంటికి వస్తూ దారిపొడుగునా ఏడ్చింది. ఆ సాయంత్రం మొదటిసారి భర్తకు అంతా దాచకుండా చెప్పింది.

రెండు నెలలు గడిచాక ప్లాంటుకు వెళ్లి, అందర్నీ కూర్చోబెట్టి, ఆ రోజు తన నోట ఇరవై అన్న మాట వచ్చిందని చెప్పింది. ఇకమీదట క్లోరిన్ మార్చాలంటే ఇద్దరు ఒప్పుకోవాలని, చెప్పింది తనే అయినా సరే కాదనొచ్చని, ఫోను వంతులవారీగా ఒక్కొక్కరి దగ్గర ఉంటుందని అంది. ఖాళీ కుర్చీలు నింపేదాకా పైవాళ్లను వదల్లేదు. వారం తిరక్కుండానే ల్యాబులో పనిచేసే అమ్మాయి కాగితం పట్టుకుని జంకుతూ వచ్చి, "మేడం, మీరు వేసిన ఈ లెక్క తప్పండి" అంది. పాత కోపం గొంతుదాకా వచ్చింది. మింగేసి, కాగితం అందుకుంది. నిజంగానే తప్పు.

భయం పూర్తిగా పోయిందంటే అబద్ధం. ఒక ఆదివారం మధ్యాహ్నం కుండపోత వాన పట్టుకుంది. ఫోను వంతు ఆమెది కాదు. కిటికీ దగ్గర చేతులు నలుపుకుంటూ కూర్చుంది, ఒకటికి రెండుసార్లు చెప్పులు వేసుకుని మళ్లీ విప్పేసింది. మర్నాడు పొద్దున రిజిస్టరు తెరిస్తే, క్లోరిన్ రెండుసార్లు మార్చినట్టు రాసుంది. మొదటిసారి ఒకరు అంకె పొరబడి చెప్పారు, రెండోవాళ్లు కాదని సరిచేశారు. ఆ వరుసను రెండుసార్లు చదివింది. కింద సంతకం పెట్టి, రిజిస్టరు బాబాయికి అందించి, టీ తాగడానికి బయటికి నడిచింది.