రెండో తాళంచెవి

భిలాయి సుపేలా మార్కెట్లో ఆటోలు తిరిగే మలుపు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాలు రెండున్నాయి, రోడ్డుకి ఇటొకటి, అటొకటి. ఇటున్నది సింహాద్రిది. అటున్నది భాగ్యరేఖది. జనం అటు వెళ్తారు. ఇటు కూర్చున్న సింహాద్రి ఆ వెళ్ళేవాళ్ళని చూస్తూ ఉంటాడు. నాలుగేళ్ళుగా ఆయనకి ముఖ్యమైన పని అదే.

కడుపుమంట అనే మాట ఆయన విషయంలో ఊరికే అనడానికి లేదు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు రోజూ మింగుతున్నాడు. పొద్దున్నే ఎదురుగా ఆ అమ్మాయి షట్టరు పైకెత్తిన చప్పుడు వినబడితే చాలు, ఈయన నోట్లో టీ పులిసిపోతుంది. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందని మంట. నవ్వకపోతే తీరిక లేనంత పని దొరికిందని ఇంకా మంట.

సింహాద్రి చేతగానివాడేం కాదు. ఊళ్ళోనే మరోదా పేటలో, ఆంధ్ర నుంచి వలసొచ్చిన ఇంట పుట్టి పెరిగాడు, టీవీల పని నేర్చుకున్నాడు, సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చినప్పుడు ఆ మలుపులో మొట్టమొదటి దుకాణం తెరిచాడు. నీళ్ళ బకెట్లో పడ్డవీ, పప్పుగిన్నెలో పడ్డవీ ఎన్ని ఫోన్లకి ప్రాణం పోశాడో! ఉక్కు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 6 నుంచి ఇంజనీర్లు స్కూటర్ల మీద వచ్చి, "నువ్వే దిక్కు సింహాద్రీ" అనేవారు. ఆ మాట ఆయనకి పాయసంలా ఉండేది.

ఒక్క అలవాటు మాత్రం ఉంది. ఫోను చేతికిస్తే లాక్ ఎలా తీయాలో అడిగేవాడు. కెమెరా పనిచేస్తుందో లేదో చూడాలి కదా అని ఫోటోలు తెరిచేవాడు. తెరిచాక ఒకటి చూసి ఆగడం మనిషి వల్ల అయ్యే పనేనా? చెడ్డ ఉద్దేశం లేదని ఆయన నమ్మకం. నిజంగానే లేదు. కానీ చూసి ఊరుకునేవాడు కాదు. "ఏటి బావగారూ, అమ్మాయికి సంబంధం సూస్తన్నారా? కుర్రోడు బాగున్నాడు" అని పది మందిలో అనేవాడు. చనువుగా అన్నాననుకునేవాడు. అవతలివాళ్ళ ముఖం ఎందుకు మాడిపోయిందో ఆయనకి తెలిసేది కాదు.

భాగ్యరేఖ సత్యారావు కూతురు. సత్యారావు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ప్లాంటులో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. ఆ అమ్మాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. రోజూ లోకల్ రైలెక్కి రాయపూర్ వెళ్ళి ఒక సర్వీసు సెంటర్లో మూడేళ్ళు పని చేసింది. కరోనాలో ఆ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది సింహాద్రి ఎదురుగా ఎనిమిదడుగుల గది తీసుకుని, "మీ చేతి చలవ కావాలి బాబాయ్" అని ఆయన చేతే కొబ్బరికాయ కొట్టించింది. కాయ చక్కగా రెండు చెక్కలైంది. కుళ్ళిపోయి ఉంటే బాగుండేదని ఆయన ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మొదటి ఆరు నెలలు ఈగలు తోలుకుంది. ఆడపిల్ల ఏం బాగుచేస్తుందిలే అని జనం దాటిపోయేవారు. ఆ ఆరు నెలలూ సింహాద్రికి కడుపునిండా అన్నం సహించింది.

అప్పుడు ఆ అమ్మాయి గోడకి పెట్టెలు బిగించింది. లోపలున్నది బయటికి కనబడే ప్లాస్టిక్ పెట్టెలు, ఒక్కోదానికి నంబరు, ఒక్కోదానికి చిన్న తాళం. ఫోను వదిలివెళ్ళాల్సి వస్తే, తెచ్చినవాళ్ళే దాన్ని పెట్టెలో పెట్టి, వాళ్ళే తాళం వేసుకుని, తాళంచెవులు రెండూ తీసుకుపోవాలి. మళ్ళీ వాళ్ళొచ్చి తీస్తేనే ఆమె పని మొదలుపెడుతుంది. వాళ్ళ కళ్ళెదుటే విప్పుతుంది, వాళ్ళ కళ్ళెదుటే మూస్తుంది. లాక్ అడగదు. "మీరే తెరిచి చూసుకోండి" అని చేతిలో పెడుతుంది.

ఇది ఆమె తండ్రి దగ్గర చూసిన పద్ధతి. ప్లాంటులో ఏదైనా మోటారు రిపేరుకి ఆపినప్పుడు, అంటే షట్‌డౌన్ తీసుకున్నప్పుడు, లోపలికి దిగే ప్రతివాడూ స్విచ్చుకి తన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగుతాడు. లోపల మనిషుండగా బయటెవడూ పొరపాటున కరెంటు వేయకూడదు. ఎవరు వేసిన తాళం వాళ్ళే తీయాలి, పెద్ద ఆఫీసరొచ్చినా సరే. సత్యారావు ముప్ఫై మూడేళ్ళు ఆ తాళంచెవి చొక్కా లోపలి జేబులో మోశాడు.

ఇంకో ఊళ్ళో అయితే ఈ పెట్టెలు చూసి నవ్వేవారేమో. భిలాయిలో ఇంటికొకడు ఆ తాళం వేసినవాడే. చూడగానే అర్థమైంది. "సత్యారావు కూతురు షట్‌డౌన్ తీసుకుని పని చేస్తోందిరా" అని రిటైరైన ముసలాళ్ళు మురిసిపోయారు. ఇక ఆడవాళ్ళయితే, ఎవరికీ ఇవ్వలేక బీరువాల్లో దాచుకున్న పాడైన ఫోన్లన్నీ బయటికి తీశారు. దీదీ అని ఒకరు, చెల్లి అని ఒకరు, మెట్ల మీద వరస కట్టారు. ఏడాది తిరిగేసరికి పక్క గది కూడా కలుపుకుంది.

సింహాద్రి పళ్ళు కొరికాడు. "ఫోనుకి తాళమేటి, అదేమైనా బంగారమేటి!" అని టీ కొట్టు దగ్గర ఎకసెక్కాలాడాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి సిగ్గు విడిచి తనూ పది పెట్టెలు బిగించాడు. ఆమె కొన్న ఇనప సామాన్ల కొట్టులోనే, అదే రకం తాళాలు కొన్నాడు. తాళంచెవి ఒకటి మాత్రం జనానికిచ్చి, రెండోది గుత్తికి గుచ్చి తన దగ్గర ఉంచుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? గుత్తితో తిప్పలు పడుతూండగా మూడో నంబరు తాళంచెవి ఏడో నంబరు తాళాన్ని కూడా తీస్తోందని కనిపెట్టాడు. చవక సరుకు మరి.

ఫోర్‌మన్‌గా రిటైరైన గురునాథరావు ఒకనాడు ఫోను తెచ్చి, పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెయ్యి చాపాడు.

"రెండోదేదయ్యా?"

"నా కాడుంటాది బాబూ. మీరు పారీసుకుంటే ఇబ్బంది కదేటి!"

గురునాథరావు తాళం తీశాడు, ఫోను తీసుకున్నాడు, రోడ్డు దాటి ఎదుటి దుకాణం మెట్లెక్కాడు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ చూస్తూండగా సింహాద్రికి తల తీసేసినట్టయింది. ఆ వారంలోనే పెట్టెలు ఊడబీకాడు. గుత్తి మాత్రం ఎందుకో జేబులోనే ఉండిపోయింది.

ఇంత జరిగినా భాగ్యరేఖ మర్యాద తప్పలేదు. అదీ ఆయనకి మంటే. రాయపూర్ నుంచి విడిభాగాల పార్సిల్ బస్సులో వచ్చినప్పుడల్లా, "బాబాయ్, దో మినిట్, బస్టాప్ దాకా వెళ్ళొస్తాను. కాస్త దుకాణం చూస్తుండండి" అని రోడ్డవతల నుంచి కేకేసి పరుగెత్తేది. ఈయన గొణుక్కుంటూ వెళ్ళి అక్కడ కూర్చునేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం సింహాద్రి ఇంట్లో భోజనం చేస్తున్నాడు. భార్య హైమవతి వంగి చారు పోస్తోంది. ఆమె మంగళసూత్రానికి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడుతూంటాయి. వాటి మధ్య చిన్న ఇత్తడి తాళంచెవులు రెండు కనబడ్డాయి. వాటికి పద్నాలుగు నంబరు బిళ్ళ.

తింటున్న ముద్ద కంచంలో వదిలేశాడు. అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. మొగుడికి ఇరవయ్యేళ్ళ దుకాణం ఉండగా పెళ్ళాం ఎదుటి దుకాణానికి వెళ్ళిందా! అయినా తనకి కనబడకూడనిది ఆ ఫోనులో ఏముంది? దారి పొడుగునా ఆ ఒక్క ప్రశ్నే ఆయన్ని కాల్చుకు తింది.

దుకాణానికి చేరాడో లేదో, "బాబాయ్, పార్సిల్! కాస్త చూస్తుండండి" అని భాగ్యరేఖ పరుగెత్తింది.

పద్నాలుగో పెట్టె రెండో వరసలో ఉంది. లోపల చిలకల బొమ్మ కవరు. ఆ కవరు తొడిగింది ఆయనే. చెయ్యి జేబులోకి పోయింది. గుత్తిలో ఒక తాళంచెవి పట్టలేదు. రెండోది పట్టలేదు. నాలుగోది తిరిగింది.

ఫోను తీశాడు. అద్దం మూల నుంచి మూలకి పగిలి ఉంది. బటన్ నొక్కాడు, వెలగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. చచ్చిన ఫోను. చూడ్డానికి ఏమీ లేదు. కింద చీటీ మీద భాగ్యరేఖ రాత: హైమవతి పిన్ని, సోమవారం, అద్దం రాయపూర్ నుంచి రావాలి.

సోమవారం! తను సామాన్లకి రాయపూర్ వెళ్ళిన రోజు. నాలుగు రోజులుగా భార్య ఫోను పనిచేయట్లేదు. ఫోన్లు బాగుచేసే మొగుడికి ఆ సంగతి తెలియదు. ఈ నాలుగు రోజుల్లో ఇంటికి ఒక్కసారైనా ఫోను చేసి ఉంటే తెలిసేది. కళ్ళన్నీ ఎదుటి దుకాణం మీద ఉంటే ఇంటికెవడు చేస్తాడు? ఏడుపొచ్చినంత పనైంది.

ఫోను లోపల పెట్టి తాళం వేశాడు. వేస్తూండగా బుర్రలో దీపం వెలిగింది. ఈ తాళాలు ఎవడి తాళంచెవికైనా వస్తాయి. ఈ ఒక్క ముక్క టీ కొట్టు దగ్గర వదిలితే సాయంత్రానికల్లా ఈ మెట్ల మీద మనిషుండడు. నాలుగేళ్ళ మంట చల్లారుతుంది! మళ్ళీ పద్నాలుగో పెట్టె వైపు చూశాడు. తను తీసినట్టే ఇంకెవడైనా తీయొచ్చు. అందులో ఉన్నది హైమవతిది.

భాగ్యరేఖ పార్సిలు పట్టుకుని వగరుస్తూ వచ్చింది.

"ఈ తాళాలు మార్చీ అమ్మా," అన్నాడు. "మంచివి కాదు. ఒకదాని సెవి ఇంకోదానికి వచ్చెస్తంది."

"మీకెలా తెలుసు బాబాయ్?"

అబద్ధమాడొచ్చు. తన పెట్టెల సంగతి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ గుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"తీసి సూసాను. పద్నాలుగు."

ఆమె గుత్తిని చూసింది, పెట్టెను చూసింది. పార్సిలు బల్ల మీద పెట్టింది. "పిన్నికి నేను చెప్పను. మీరే చెప్పాలి" అంది.

చెప్పాడు, ఆ సాయంత్రమే. హైమవతి అరవలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా వింది.

"నాతో సెప్తే నాను బాగుసేయనేటి?" అన్నాడు.

"సేస్తారు. సేసి సూస్తారు. సూసి నలుగురికీ సెప్తారు."

"అందులో అంత దాచీదేటుంది?"

"ఏటీ లేదు. మా అక్కా నానూ ఆడుకున్న మాటలు. ఏటీ లేకపోయినా నాది కదా!"

మర్నాడు సింహాద్రి ఇటు కూర్చుని చూస్తూండగానే హైమవతి అటు మెట్లెక్కింది. తన తాళం తనే తీసింది. భాగ్యరేఖ కొత్త అద్దం వేస్తూంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఏదో చెప్పి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఆయనకి కుళ్ళొచ్చింది. ఈసారి దుకాణం చూసి కాదు.

వారం లోపల గోడ మీద పెట్టెలన్నిటికీ మంచి తాళాలు వచ్చాయి. భాగ్యరేఖ ఎదురుపడితే ఇప్పటికీ బాబాయ్ అనే పలకరిస్తుంది. కానీ పార్సిల్ వచ్చినప్పుడు ఇటు కేకేయదు. షట్టరు కిందికి లాగి, తాళం వేసి, రెండు తాళంచెవులూ సంచిలో వేసుకుని బస్టాపుకి వెళ్తుంది. సింహాద్రి ఆ పిలుపుకి ఎన్నిసార్లు విసుక్కున్నాడో! ఇప్పుడు బస్సు హారను వినబడగానే లేచి నిలబడతాడు. షట్టరు దిగిన చప్పుడు విన్నాక కూర్చుంటాడు.