పడుగు గుంతల్లో వేపమొక్కలు

మా ధర్మవరం బడికి, పిల్లల చేత చెట్లు నాటించడానికని సముద్రాలు దాటి ఒక దొర వచ్చాడు. దొరలు వెళ్ళిపోయి పదిహేనేళ్ళు దాటినా, తెల్లగా ఉన్నవాణ్ణి ఇంకేమని పిలవాలో మా వీధిలో ఎవరికీ తెలియదు. జీతం లేకుండా సేవ చేయడానికి వచ్చాడని చెబితే మా అవ్వ, "పాపం, వాళ్ళ ఊర్లో పన్లు దొరకవేమో" అని జాలిపడింది.

అతనిది ఒకటే పట్టు. ఏ మొక్క, ఎక్కడ, ఎప్పుడు నాటాలో పిల్లలే తేల్చుకోవాలి. తాను పక్కన నిలబడతాడు, అంతే. ఈ పద్ధతిలో పెనుకొండలో నాటిన మొక్కలను మేకలు తిన్నాయి. హిందూపురంలో పిల్లలందరూ నాయకులైపోవడంతో నీళ్ళు పోసేవాడు మిగల్లేదు. ధర్మవరంలోనూ ఇంతే అయితే ఇంటికి పంపించేస్తామని బెంగళూరులోని పై అధికారి అతనికి ఉత్తరం రాశాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. రోజుకు నాలుగుసార్లు తీసి చదివేవాడు, ఈసారైనా వేరే ఏమైనా రాసి ఉంటుందేమోనన్నట్టు.

మా తరగతి నన్ను నాయకుడిగా ఎన్నుకుంది. ఆ రోజు నేను బడికి పోలేదు.

సోమవారం అధికారి వస్తాడనగా, ఆదివారానికి కూడా మా వేపమొక్కలు గంపల్లోనే ఉన్నాయి. మా నేలలో గడ్డపార దిగడం కంటే తిరిగి మొహం మీదికి రావడమే ఎక్కువ. అప్పుడు నా నాయకత్వం పనిచేసింది. మా వీధిలో వరుసగా గుంతలు సిద్ధంగా ఉన్నాయి కదా!

పట్టు పడుగును, అంటే చీర నిలువు పోగులను, మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా సాగదీసి, తెగిన పోగులు అతుకుతారు. దాన్ని కట్టే గుంజల కోసం తవ్విన గుంతలవి. నేతగాళ్ళ ఇళ్ళల్లో పుట్టి, ఆ గుంతల్లోనే పడి లేచి నడక నేర్చిన మేము ఆ సంగతి ఎలా మరిచామంటే, ఆ రోజు అమావాస్య. అమావాస్యనాడు మావాళ్ళు మగ్గం ముట్టరు. గుంజలన్నీ ఇళ్ళల్లో గోడకు ఆనుకుని ఉన్నాయి. గుంతలు మమ్మల్నే పిలుస్తున్నట్టున్నాయి.

"అమాస పూట మొక్కలేందిరా?" అంది అవ్వ.

"నాయకుడు చెప్పినాడవ్వా," అన్నారు మిగతా పిల్లలు.

గంటలో పని ముగిసింది. సాయంత్రం దొర వచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు చూశాక గుంతలు మేమే తవ్వామని మాకూ నమ్మకం కుదిరింది.

తెల్లారి మా పెద్దనాయన భుజాన గుంజతో వచ్చి గుంతలోకి చూశాడు.

"ఏమిరా ఇది?"

"వేపమొక్క, పెద్దనాయనా."

"అది నాకూ కనపడతాండాది. నా గుంజ యాడ పెట్టల్ల, నీ నెత్తినా?"

అది పెళ్ళిచీరల పడుగు, ఎండ ముదరకముందే సాగదీయాలి. ఆయన మొక్క మెడ పట్టుకున్నాడు. అంతలో దొర పరుగెత్తుకొచ్చి జేబులోని ఉత్తరం చూపిస్తూ బతిమాలాడు. నేను తెలుగు చేశాను: "మొక్కలు పీకితే ఈయప్ప పని పోతాదంట."

"జీతమే లేదంటివి గదరా, ఇంక పోయేదేముండాది?"

"ఊరికి పంపించేస్తారంట."

"వాళ్ళమ్మ దగ్గరికేగదా, పోనీ."

ఈ మాట నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే దొర పడుగు కొస రెండు చేతులా పట్టుకుని, మొక్క పక్కన బిగుసుకుని నిలబడ్డాడు, గుంజకు బదులుగా. పెద్దనాయన ఎగాదిగా చూశాడు. పొడవు సరిపోయింది.

"సరే. కదిల్తే మాత్రం ఊరుకోను."

అవతలి కొస మేం నలుగురం పట్టుకున్నాం. అప్పుడే జీపు వచ్చింది. అధికారి దిగి, వరుసగా నిలబడ్డ మొక్కలను చూసి, ఈ గుంతలు ఎవరు తవ్వారో అడగమని నాకు చెప్పాడు. పెద్దనాయన పోగుల మీది నుంచి తల ఎత్తకుండానే, "ఈ గుంతలా? మా తాత తవ్విండేవి" అన్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. అబద్ధం ఆడేంత ఇంగ్లీషు అప్పటికి నాకు రాదు. వినేవాడికి అది మూడు తరాలుగా చెట్లు నాటుతున్న వీధి! అధికారి టోపీ తీసి, పుస్తకంలో ఏదో పొడుగ్గా రాసుకున్నాడు. దొర ఎర్రబడి, నిజం చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఏమప్పా దొరా, కదలద్దంటి గదా! పోగు తెగుతాది!"

దొర నోరు మూసుకున్నాడు. జీపు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అతను జరిగినదంతా రాసి బెంగళూరుకు పంపాడు. అతని వినయాన్ని మెచ్చుకుంటూ, ఇంకో ఏడాది అక్కడే ఉండమని జవాబు వచ్చింది. ఈలోపు పెద్దనాయన మా చేత మూరెడు పక్కకు కొత్త గుంతలు తవ్వించి మొక్కలు మార్పించాడు. దొర పక్కనే నిలబడ్డాడు, ఈసారి చేతిలో గడ్డపారతో. కంపకు పట్టు తగులుకుంటుందని ముళ్ళకంచె వద్దన్నారు. పొద్దున పడుగు పరిచేవాళ్ళే మేకలను కూడా అదిలించేవారు. అలా కొన్ని బతికాయి.

ఏడాది తర్వాత స్టేషన్లో దొరకు దండ వేసి, నేను నాయకత్వం గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ వినలేదు. రైలు కదిలాక పెద్దనాయన చాలాసేపు అటే చూశాడు.

"మంచి గుంజప్పా," అన్నాడు. "ఇంగ అట్లాంటిది దొరకదు."