జరీ చుట్టిన తీగ

పట్టుదారం కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఈమధ్య హిందూపురంలో మనవరాలికి చీర కొనడానికి వెళ్లినప్పుడు, దుకాణంలో కుర్రవాడు అంచు కొస నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి, "వాసన చూడండి సార్, అసలు పట్టు" అన్నాడు. చూశాను. అతను చీర గురించే చెబుతూ ఉన్నాడు గానీ నాకు మాత్రం చీర కనబడలేదు. ఒక పాత కారు ముందుసీటు, దాని కింద నుంచి సన్నగా లేచిన పొగ, పక్కన కూర్చుని "ఏమప్పా, ఎవురి జుట్టు కాల్తాండాది?" అని నన్నడిగిన నంజుండప్ప కనబడ్డాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన్ను చూసినవాళ్లు ధర్మవరంలో కూడా ఇప్పుడు తక్కువే. అందుకే రాస్తున్నాను.

మా తాతగారికి పెనుకొండలో గుర్రాలు ఉండేవి. నాయన కాలానికి గుర్రాలు పోయి ఒక కారు మిగిలింది. నా కాలానికి ఆ కారూ అమ్ముడుపోయింది. కొన్నది ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నంజుండప్ప. మగ్గం గుంటలో కూర్చుని నేసిన కుటుంబంలో పుట్టి, చీరలు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి, చివరికి సొంత దుకాణం పెట్టిన మనిషి. కారు కొన్నాడు గానీ దాన్ని నడిపేవాడు ఆయనకు దొరకలేదు. చలి ఉదయాల్లో అది కదలదు. కదిలినా ఎత్తు ఎక్కదు. దాని గుణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకరోజు ఆయనే పెనుకొండకు వచ్చి మా ఇంటి వసారాలో నిలబడ్డాడు. "చిన్నదొరా, కారు నాది అయింది గానీ అది నా మాట వినల్యా. నీ మాట వింటాది. వస్తావా?" అన్నాడు. జీతం సంగతి కూడా ఆ నిలబడిన చోటే, గొంతు తగ్గించకుండా మాట్లాడాడు. తలుపు వెనక అమ్మ వింటూనే ఉంది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఇంకో దారి లేదు. అమ్మ మాత్రం బంధువులతో మావాడు పట్టు వ్యాపారంలో ఉన్నాడని చెప్పేది. నేను కాదనలేదు. ధర్మవరం నుంచి హిందూపురానికి కారు తోలుకుపోయే ప్రతిసారీ పెనుకొండ నడిబజారు తప్పించి, ఊరి బయట దారిన చుట్టి వెళ్లేవాణ్ణి. నంజుండప్పకు ఆ సంగతి తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం ఆయనకు కారులో రేడియో పెట్టించాలన్న కోరిక పుట్టింది. అది డాబు కాదు. ఆయన కూతురు పంకజ మద్రాసులో మేనత్త ఇంట ఉండి సంగీతం నేర్చుకుంటూ ఉండేది. పిల్లను అలా పంపినందుకు వీధిలో మాటలు పడ్డాడు. "మగ్గాలోళ్ల పిల్లకు పాటలేంది?" అన్నవాళ్లలో అందరికంటే గట్టిగా అన్నది ఆయన సొంత చిన్నాయన, తిప్పయ్య. ఇప్పుడు ఆ పిల్ల మద్రాసు రేడియోలో పాడబోతోంది. ఆమె పాడే సాయంత్రం అమావాస్య. అమావాస్యనాడు మగ్గాలు ఆడవు. వీధి వీధంతా ఖాళీగా ఉంటుంది. తిప్పయ్యతో సహా అందరినీ కూర్చోబెట్టి ఆ గొంతు వినిపించాలని నంజుండప్ప పంతం. ఆ వీధికి కరెంటు లేదు. కారులోనైతే బ్యాటరీ ఉండనే ఉంది, వీధి మధ్య నిలిపితే అందరికీ వినబడుతుంది. ఆయన లెక్క అది.

బెంగళూరులో రేడియోలు అమ్మే దుకాణానికి వెళ్లాం. నేను ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణని ఆయన నన్ను ముందు నడిపించాడు. దుకాణదారు నన్నే అడిగాడు: మీ కారు బ్యాటరీ ఆరు వోల్టులదా, పన్నెండుదా? దాని ఏ కొస కారు బాడీకి కలిపి ఉంది? ఆ కారును నేను ఏళ్ల తరబడి నడిపాను, ఆ రెండు సంగతులూ నాకు తెలియవు. మా ఇంట్లో తెలియనప్పుడు తెలియదని చెప్పే అలవాటు లేదు. అలాంటప్పుడు మా నాయన మీసం సవరించుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. నేను బల్ల మీది రేడియో మీటరును చూస్తూ నిలబడ్డాను. నంజుండప్ప నా భుజం పక్కనుంచి తల ముందుకు పెట్టి, "మా ఇద్దురికీ తెలీదప్పా. కారు బయటే ఉండాది. వచ్చి చూసి చెప్పు. మాకు రేడియో కొనడం ఇదే మొదులు" అన్నాడు. దుకాణదారు నవ్వుతూ బయటికి వచ్చి చూశాడు. ఆరు వోల్టులది. పెద్ద రేడియో పెడితే ఆ బ్యాటరీ తట్టుకోదని చెప్పి, చూపుకు ఆనని ఒక చిన్న పెట్టెను ముందుకు తోశాడు. నాకు మాత్రం మెరుగు పెట్టిన చెక్కపెట్టె మీదే మనసు పోయింది. "పాడేది పెట్టె కాదు గదా దొరా" అని నంజుండప్ప చిన్నదే తీసుకున్నాడు.

దుకాణంలో బిగించే మనిషి అమావాస్య దాటేదాకా దొరకడన్నారు. నేను బిగిస్తానన్నాను. ఎలా బిగించాలో దుకాణదారు చేతులతో చూపించాడు. ఇంజను తిరుగుతుంటే రేడియోలో కరకర తప్ప ఏమీ వినబడదు కాబట్టి బండి ఆపే వినాలన్నాడు. అతుకులు కారు ఇనుముకు తగలకుండా చుట్టడానికి నల్లటి గుడ్డపట్టీ చిన్న చుట్ట ఒకటి ఇచ్చి, చాలకపోతే పట్టుగుడ్డ చుట్టినా పనికొస్తుందన్నాడు. "పట్టా!" అన్నాడు నంజుండప్ప. ఆ రోజంతా ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది. తీగకు పట్టు పనికొస్తుందన్న సంగతి, తన కులవృత్తికి ఎవరో పెద్దమనిషి నమస్కారం పెట్టినట్టుగా తీసుకున్నాడు.

అమావాస్య ఉదయం హిందూపురంలో ఆయన బంధువుల ఇంటి ముందు కారు నిలిపి బిగించాను. రేడియో, కారు మీటర్లుండే పలకకింద కూర్చుంది, స్పీకరు దాని పక్కన, ఏరియల్ కిటికీ బయట. నల్లపట్టీ సగంలో అయిపోయింది. మిగిలిన అతుకులు తాను చుడతానని నంజుండప్ప సీటు కింద దూరాడు. ఏం చుట్టాడో నేను చూడలేదు. వాల్వులు వేడెక్కాక రేడియో పలికింది. ఇక బయలుదేరాలి. ఆయన బయలుదేరనివ్వలేదు. పక్కింటి అవ్వ వినాలి, ఎదురింటి అంగడాయన వినాలి, దారిన పోయే కన్నడ బేరగాడు వినాలి. "ఇంకొక్కరు దొరా, ఒక్కరు" అంటూ మధ్యాహ్నం దాటించాడు.

సోమందేపల్లి మీదుగా పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. బజారు తప్పించే మలుపు దగ్గర నేను స్టీరింగు తిప్పబోతుండగా ఆ వాసన వచ్చింది. తర్వాత పొగ. దిగి, బ్యాటరీ నుంచి రేడియోకు వెళ్లే తీగ ఊడదీశాను. కిందికి వంగి తడిమితే అతుకు మీద చుట్టిన గుడ్డ వేలికి గరుకుగా తగిలింది. జరీ అంచు. రాళ్ల బాట కుదుపులకు ఆ అంచు ఒకవైపు అతుకులోకి దిగి, ఇంకోవైపు కారు ఇనుముకు ఆనుకుంది.

"ఏం చుట్టారు మీరు?" అన్నాను.

"పట్టే. ఆయప్ప చెప్పిందే గదా."

"ఉత్త పట్టు చెప్పాడు. జరీలో ఏముంటుంది?"

"వెండి తీగ" అన్నాడు. వెండిలో కరెంటు పారుతుందని అంతలో ఆయనకే అర్థమైంది. తల పట్టుకున్నాడు. "నా బిడ్డ గొంతు వచ్చే దావకి ఉత్త పట్టు యాల అని మంచి అంచు చూసి కోసినాను దొరా."

"లోపల నిజంగా వెండేనా?"

"ఏం మాట అది? నా అంగట్లో దొంగ జరీ ఉంటాదా?" అని మండిపడి, వెంటనే నవ్వేశాడు. "దొంగది కట్టి ఉంటే బతికిపోతాంటిమేమో." దొంగ జరీ అంటే రాగిదే, అదైనా కాలి ఉండేదేననుకోండి. ఆ మాట అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

రేడియో ఫ్యూజు కాలిపోయింది, నా దగ్గర మిగిలింది ఇంకొక్కటే. చీకటి పడుతోంది. సీటు కింద ఏమీ కనబడదు. "వెలుతురు యాడుండాది?" అన్నాడు. నేను ఊరి బయటి దారి వైపే చూశాను. "బజార్లో కాఫీ హోటలు ముందర పెట్రోమాక్సు పెడతారు గదా, ఆడికి పోదాం" అన్నాడు. ఊరు దాటాక చూద్దామన్నాను. "ఊరు దాటితే చీకటి దొరా" అని, కాసేపు నా ముఖం చూసి, "నీకు కష్టంగా ఉంటే నేను దిగి లాంతరు అడుక్కొస్తా. నువ్వు ఈడే ఉండు" అన్నాడు. నిజంగానే దిగి నడవడం మొదలుపెట్టాడు. ఆ వయసులో ఆయన నా కోసం లాంతరు అడుక్కోవడం నాకు సరిపడలేదు. కారు తిప్పి నడిబజారులోకి నేనే తెచ్చాను.

హోటలు దీపం కింద వెల్లకిలా పడుకుని తల సీటు కిందికి దూర్చాను. కాళ్లు వీధిలో ఉన్నాయి. నంజుండప్ప పక్కసీట్లో కూర్చుని కిందికి వంగి, లాగితే అతుకు ఊడుతుందని, కాలిన జరీ అంచును గోళ్లతో పోగు పోగుగా విప్పుతూ ఉన్నాడు. తర్వాత తన భుజం మీది పట్టు కండువా తీసి, ముందు దాని అంచు చించి పారేసి, మధ్యలో మెత్తని భాగం నాకందించాడు. జనం మూగారు. అందులో మా తాతగారి దగ్గర పనిచేసిన ముసలి కరణం గొంతు నేను గుర్తుపట్టాను. "ఎవురప్పా ఆ కాళ్లు? దొరగారి మనవడు గాదు గదా?"

నంజుండప్ప తాపీగా, "ఆయనే. మా కారు నడిపేది ఆయనే సామీ. ఆయన లేకుంటే ఈ కారూ కదలదు, నేనూ కదలను" అన్నాడు. దాచి చెప్పలేదు, పెంచి చెప్పలేదు. కాసేపటికి ఎవరో నా కాళ్ల దగ్గరికి ఇంకో లాంతరు జరిపారు.

ఫ్యూజు పెట్టే ముందు, మళ్లీ కాలితే వేరే లేదని చెప్పాను. "కాలితే కాలనీ. పెట్టు" అన్నాడు. కాలలేదు. కానీ అప్పటికి ధర్మవరం చేరే సమయం లేదు. దారిలో ఆగి విన్నా ఇద్దరమే వినాలి. "ఈడే విందాం" అని, ఆయన స్పీకరు వైపు తలుపు పూర్తిగా తెరిచాడు. కరకరల మధ్య నుంచి మద్రాసు వచ్చింది. పేరు చదివారు. తర్వాత పంకజ పాడింది. నంజుండప్ప తలుపు పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా నిలబడ్డాడు. హోటల్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. "ఎవురి పిల్ల నాయనా, ఇంత బాగా పాడతాండాది?" అని ఒక అవ్వ అడిగితే, "మగ్గాలోళ్ల పిల్ల" అన్నాడు. ఆ మాట ఆయన నోట వేరుగా వినబడింది.

మేము చేరేసరికి ధర్మవరం వీధిలో పరిచిన చాపలు ఎత్తేశారు. మరునాడు ఉదయం మగ్గాలు మొదలుకాకముందే ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. నన్ను రమ్మనలేదు, నేనే వెనక నడిచాను. ప్రతి గడప దగ్గరా ఒకటే మాట: "రాత్రి మిమ్మల్ని కాచుకోబెట్టినా. తప్పు నాది. తీగకు జరీ చుట్టింది నేను." కారు చెడిందని చెప్పి ఊరుకోవచ్చు. బిగించినవాణ్ణి నేను కాబట్టి నా మీద వేసినా ఎవరూ తప్పుపట్టరు. కొందరు ఎగతాళి చేశారు. "వెండితో తీగలు నేస్తాండావా నంజుండప్పా?" అన్నారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వనిది తిప్పయ్య ఒక్కడే. గడప దిగకుండా, "కాలిందో లేదో, పిల్ల పాడిందో లేదో, ఎవురికి తెలుసు?" అన్నాడు.

నంజుండప్ప నవ్వు ఆగిపోయింది. వీధంతా ఎదురుచూసింది ఆ ఒక్క గొంతు కోసం, అది ఇక తిరిగి రాదు. దానికి ఆయన దగ్గర సాక్ష్యం లేదు. ఆ వీధిలో అప్పటిదాకా ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడనివాణ్ణి, నేను ముందుకు వచ్చాను.

"పాడింది. నేను విన్నాను."

తిప్పయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వెవురు చెప్పేదానికి?"

అలా ఎవరైనా అడిగితే నేను మా తాతగారి పేరుతో మొదలుపెట్టేవాణ్ణి. ఆ ఉదయం ఆ పేరు నా నోటికి రాలేదు. "ఈయన కారు నడిపేవాణ్ణి. పెనుకొండ నడిబజారులో, మా ఊరివాళ్లందరి మధ్య, విన్నాను" అన్నాను. "ఏం పాట?" అన్నాడు తిప్పయ్య. చెప్పాను. రాగం పేరు నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆయన గడప దిగి వచ్చి, ఎట్లా పాడింది, ఎంతసేపు పాడింది, జనం ఏమన్నారు అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. నంజుండప్ప పక్కకు తిరిగి ముఖం తుడుచుకోబోయాడు. భుజం మీద కండువా లేదు.

ఆయన బతికి ఉన్నంతకాలం ఆ కారు నేనే నడిపాను. తర్వాత బస్సులు నడిపాను, నడిపించాను. ఇప్పటికీ కొత్తవాళ్లు ఎవరని అడిగితే ముందు చేసిన పని చెబుతాను. నేను చేసిన తప్పుంటే దాన్ని కూడా అదే గొంతుతో చెబుతాను. మా వంశంలో ఆ రెండూ చేతనైన మొదటివాణ్ణి నేనే, దానికి గర్వపడతాను. తాతగారి పేరు అడిగితేనే చెబుతాను. అడిగేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరనుకోండి.