ఐసులో పెట్టమన్న ముక్క

నేను చదివింది ఏడో తరగతి వరకే. ఎనిమిదికి పంపిస్తానని మాస్టారు అన్నా నేనే వద్దన్నాను, బడిని ఇంకా ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక. ఆ తరువాత జగ్గయ్యపేటలో సోడాలు కొట్టాను, ఐసుఫ్రూటు బండి తోశాను, చివరికి ఒక చిన్న ఐసు డిపో పెట్టుకున్నాను. డాక్టర్లకు వంకలు పెట్టే అర్హత నాకు లేదంటారా, ఒప్పుకుంటాను. ఐసు విషయంలో మాత్రం ఎవరి మాటా పడను. నేను పడిన మాట ఐసు గురించే. తలచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో మా చెల్లెలికి మగపిల్లాడు పుట్టాడు. దాని అత్తవారిది వత్సవాయి, పురుటికి మా ఇంటికి వచ్చింది. పిల్లాడు పాలు తాగుతాడు, తాగినవి కక్కుతాడు. పొట్ట డోలులా ఉబ్బిపోతుంది. దొడ్డికి మాత్రం రాదు. తమలపాకు తొడిమకు ఆముదం రాసి పెడితే ఓ పిసరు వచ్చేది, మర్నాటికి పొట్ట మళ్లీ బిగుసుకునేది. ఇంటిల్లిపాదీ వాడి ఉయ్యాల చుట్టూ కూర్చుని, ఇతరుల ఇళ్లలో విసుక్కునే ఆ ఒక్క పని కోసం ఎదురుచూసేవాళ్లం.

నందిగామలో ఒక నర్సింగ్‌హోం ఉండేది. దాని యజమాని పెద్ద డాక్టరు. విజయవాడ నుంచి పిల్లల సర్జను ఒకాయన వారానికోసారి అక్కడికి వచ్చేవాడు. పిల్లాణ్ణి చూసి ఆయన విషయం విడమరిచి చెప్పాడు. పేగు చివర నరాలు సరిగ్గా లేకుండా పుట్టి ఉండొచ్చు. అదే అయితే ఆపరేషను చేయాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అదేనని తేల్చుకోకుండా కత్తి పెట్టకూడదు. లోపలినుంచి బియ్యపుగింజంత ముక్క తీసి హైదరాబాదు ల్యాబుకు పంపాలి.

"అక్కడ ముక్కని గడ్డకట్టించి, పల్చటి పొరలుగా కోసి, ఒక మందులో నానబెడతారు. ఈ జబ్బుంటే ముక్కలో ఒక ఎంజైము ఎక్కువగా ఉంటుంది. అది ఆ మందు మీద పనిచేసి గోధుమరంగు తెస్తుంది" అన్నాడు.

"ఎంజైమంటే ఏంటండీ?"

"ఒంట్లో పనిచేసే సరుకనుకో. ముక్క తీసేశాక కూడా, చల్లగా ఉంచితే, అది పని మానదు. పనిచేస్తేనే రంగు."

"అయితే ఆఫీసుల్లో కూర్చునేవాళ్లకి ఈ పరీక్ష చేస్తే ఏ రంగూ రాదన్నమాట."

ఆయన నవ్వాడు. నవ్వి, వేలు చూపించి మరీ చెప్పాడు. "ముక్క ఏ మందులోనూ పడకూడదు. సెలైన్లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి పొడిసీసాలో పెడతాం. ఆ సీసా ఐసులో ఉండాలి. అదే రోజు అందాలి."

ఇంటికి వెళ్లి చెబితే మా అమ్మ నమ్మలేదు. "ఉప్పైనా రాయకుండా పంపితే దారిలో పాడైపోదుట్రా?"

"అది మాగాయ ముక్క కాదే అమ్మా!"

మా అమ్మ అలా అనుకుందంటే అర్థముంది. ఆవిడ జీవితమంతా జాడీలతోనే గడిచింది.

పరీక్షనాడు సర్జను ముక్క తీసి, సీసాలో పెట్టి, పెద్ద డాక్టరు చేతికిచ్చి ఇంకో పిల్లాణ్ణి చూడటానికి వెళ్లాడు. కాసేపటికి పెద్ద డాక్టరు సీసా మూతకు ప్లాస్టరు చుట్టి పట్టుకొచ్చాడు. నేను దాన్ని నా ఐసుఫ్రూటు డబ్బాలో, ఐసు నడుమ నిలబెట్టి హైదరాబాదు బస్సెక్కాను. డబ్బా చూడగానే ముందు సీటులోని పిల్ల వెనక్కి తిరిగింది.

"ఒకటియ్యి బాబాయ్. పాలైసుందా?"

"ఇది అమ్మేది కాదమ్మా."

"మరి బస్సెందుకెక్కించావు?"

వాళ్లమ్మ కూడా నన్ను అదే ప్రశ్న అడిగినట్టు చూసింది. కోదాడలో దిగి నీళ్లు వంచేసి కొత్త ఐసు కొట్టించి పోశాను, సూర్యాపేటలో మళ్లీ పోశాను. నా డబ్బా అంత చల్లగా ఏ ఎండాకాలంలోనూ లేదు.

ల్యాబులో ఒక డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుని సీసా తీసుకుంది. ప్లాస్టరు ఊడదీసి మూత తిప్పగానే మొహం వెనక్కి లాక్కుంది. ఘాటు నా దాకా వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసా వంచి చూపించింది. పొడిగా ఉండాల్సిన సీసాలో సగం వరకు ఏదో నీళ్లమందు, అందులో గాజుగుడ్డ తేలుతోంది.

"ఇందులో ఫార్మలిను ఎవరు పోశారయ్యా?"

"నేను ప్లాస్టరే ముట్టలేదండీ."

ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. "ఐసు మాత్రం ఎంత బాగా తెచ్చావు!" అని, కుర్చీ చూపించి నెమ్మదిగా చెప్పింది. ఫార్మలిను చెడ్డదేమీ కాదు, ముక్క ఆకారాన్ని ఏళ్లతరబడి నిలబెడుతుంది. కానీ ఇన్ని గంటలు అందులో నానితే ఎంజైము చచ్చిపోతుంది. మామూలు రంగులతో చూద్దామన్నా ఈ ముక్క చాలదు, అంత లోతుగా తీసింది కాదు.

"ఒక్కసారి మందులో వేసి చూడండమ్మా."

"వేస్తే రంగు రాదు. రాలేదు కాబట్టి జబ్బు లేదనుకుని మీరు పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్తారు. అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. మళ్లీ తీయించుకురండి."

మళ్లీ! ఆమెకు ముక్క మళ్లీ కావాలి. దాన్ని మళ్లీ ఇవ్వాల్సింది ఉయ్యాలలో మూలుగుతున్నవాడు.

నందిగామలో దిగి తిన్నగా పెద్ద డాక్టరు గదికే వెళ్లాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"నేనే పోశాను. పోయకపోతే దారిలో కుళ్లి కంపుకొట్టేది. నీ ఐసుఫ్రూటు డబ్బాని నమ్ముకోమంటావా? కోసిన ముక్కని ఫార్మలిన్లో వేయడం నేను నువ్వు పుట్టక ముందునుంచీ చేస్తున్నానోయ్."

"సర్జనుగారు వద్దన్నారు కదండీ."

"ఆయన నిన్నగాక మొన్న వచ్చినవాడు."

మా అమ్మ ఉప్పు మాట అడిగి ఊరుకుంది. ఈయన అడగను కూడా లేదు, పోసేశాడు.

సర్జను మళ్లీ వచ్చేసరికి వారం పట్టింది. ఆ వారంలో పిల్లాడికి జ్వరం తగిలింది. పొట్ట మీద నరాలు నీలంగా తేలాయి. వాడు ఏడవటం మానేశాడు, ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మా చెల్లెలు వాణ్ణి గిల్లి ఏడిపించేది. సర్జను రాగానే అడిగాడు, "మొదటి ముక్క ఏమైంది?"

నేను నోరు తెరిచేలోపే పెద్ద డాక్టరు అందుకున్నాడు. "ఏముందండీ, వీళ్లు దారిలో ఐసు కరిగించేశారు. పాడైపోయింది. చదువులేనివాళ్లకిస్తే అంతే మరి."

నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. లేవబోయాను. చెల్లెలు నా ముంజేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"ఏం మాట్లాడకు అన్నయ్యా. ఈ రాత్రికి పిల్లాడు ఈయన చేతుల్లోనే ఉండాలి."

కూర్చున్నాను. ఐసు డిపోవాణ్ణి, ఐసు కరిగించానంటే తలూపాను. జీవితంలో నేను ఎన్ని జోకులు వేసినా, అలా తలూపినప్పుడైనంత నవ్వులపాలు ఎప్పుడూ కాలేదు.

రెండోసారి ముక్క తీసి సీసాకు మూత పెట్టేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. సర్జను సీసా నా చేతికే ఇచ్చాడు. ల్యాబులో మర్నాడు డాక్టరమ్మ నన్ను పిలిచి సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టింది. చెదలు పట్టిన గోడ మీద దారుల్లా, గోధుమరంగు పోగులు అల్లిబిల్లిగా అల్లుకుని ఉన్నాయి. "ఇదే జబ్బు" అంది. జబ్బు కనపడినందుకు సంతోషించాను. మేనల్లుడి జబ్బు చూసి పొంగిపోవాల్సిన గతి పట్టించినవాడి మీద ఆ క్షణాన ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

విజయవాడలో ఆపరేషను చేసి, దొడ్డికి పొట్ట పక్కన దారి పెట్టారు. "ఇంకో రెండ్రోజులు ఆగుంటే చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు సర్జను. కానీ పిల్లాడు బతికాడు. పొట్ట ఉబ్బు తగ్గింది. ఏడుపు తిరిగి వచ్చింది, వార్డంతా విసుక్కునేంత.

ఇంటికి తీసుకొస్తుంటే బస్సు నందిగామలో ఆగింది. చెల్లెలు పిల్లాణ్ణి భుజాన వేసుకుని లేచింది. "దిగు అన్నయ్యా" అంది.

నర్సింగ్‌హోం బెంచీల నిండా జనం. పెద్ద డాక్టరు గది తలుపు తీసే ఉంది. చెల్లెలు గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా అడిగింది.

"సీసాలో మందు మీరు పోశారని, మా అన్నయ్య ఐసు కరగలేదని వీళ్లందరి ముందూ ఒక్కసారి చెప్పండి డాక్టరుగారూ."

ఆయన పిల్లాడి వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. "ఇప్పుడు బాబు బాగానే ఉన్నాడుగా తల్లీ?"

బెంచీల మీదివాళ్లు కూడా తలలూపారు. బాగానే ఉన్నాడుగా, ఇంకేం కావాలి, వెళ్లిరా అమ్మా అన్నారు. నేను తిట్లన్నీ నాలుక చివరికి తెచ్చుకున్నాను. చెల్లెలు నా వైపు చూడలేదు. "చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటానండీ" అని బెంచీ చివర చోటు చేసుకుని కూర్చుంది.

ఆయన చెప్పలేదు. తలుపు వేయించుకున్నాడు. కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ పక్కన కూర్చుంటూ పిల్లాడి పొట్ట మీది కట్టు చూసి, "అయ్యో, ఏమైందమ్మా వీడికి?" అంది.

చెల్లెలు మొదటినుంచీ చెప్పింది. ఆవిడ లేచి లోపలికి వెళ్తే ఆ చోట్లోకి చెవిటికల్లు ఊరి రైతు ఒకాయన వచ్చాడు. ఆయనా అడిగాడు, ఆయనకూ మొదటినుంచీ చెప్పింది. ఆ తరువాత ఇంకొకరు. పొద్దు వాలేదాకా అలా వచ్చినవాళ్లకల్లా చెబుతూనే ఉంది, ఒక్క ముక్క వదలకుండా. కోదాడలో ఐసు మార్చిన దగ్గర మాత్రం ఆగి నా వైపు తిరిగేది. అక్కడినుంచి నేను అందుకునేవాణ్ణి.