మావయ్య తిప్పిన నట్టు

మావయ్య పోయారని అత్త ఫోను చేసినప్పుడు నేను కాలేజీలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. "మీ మావయ్య ఎల్లిపోనాడమ్మా. మీ నాన్నకి మెల్లిగా సెప్పు," అంది అత్త. బోర్డు మీద సగం రాసిన లెక్క అలాగే వదిలేసి ఇంటికెళ్ళాను. నాన్నని కారెక్కించుకుని విజయనగరం నుంచి సాలూరు బయలుదేరాను. ఆ రోజు నా కారు ఎంత బాగా పరిగెత్తిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఎందుకు సిగ్గో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు, సాలూరులో లారీ మెకానిక్కు. ఆ ఊళ్ళో లారీ లేని ఇల్లు ఉంటుందేమో గానీ లారీ గొడవ లేని ఇల్లు ఉండదు. ఎక్కడ ఏ లారీ మొరాయించినా చివరికి మావయ్య షెడ్డుకే చేరేది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. ఆ కాసేపు పక్కన ఎవరూ తుమ్మడానికి కూడా లేదు. బండి బాగయ్యాక డ్రైవర్లు టైరు ముందు కొబ్బరికాయ కొట్టేవారు. మావయ్యది బాప్టిస్టు చర్చి కాబట్టి బానెట్ మీద అరచెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసేవారు. రెండూ అయితే గానీ బండి గేటు దాటేది కాదు. కొబ్బరి ముక్క మాత్రం ఆయనే ముందు అందుకునేవారు.

ఆయన చెయ్యని పని ఒకటుండేది. లారీలకి పంపు పెంచడం. డీజిల్ పంపు మీద ఒక మర తిప్పితే ఇంజన్‌లోకి ఎక్కువ డీజిల్ వెళుతుంది, బరువుతో కూడా లారీ కొండ ఘాటురోడ్డు మీదకి చకచకా ఎక్కేస్తుంది. డ్రైవర్లు ఎంత బతిమాలినా "ఆ పని నా దగ్గర నేదు" అనేవారు. ఒకప్పుడు ఉండేది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా నాన్న లారీకి, నాన్న అడిగితేనే, ఆయన పంపు పెంచారు. ఆ వారమే ఒడిశా వైపు ఘాటు ఎక్కుతుండగా ఇంజన్ వేడెక్కి పట్టేసింది. లారీ వెనక్కి జారింది. దూకిన నాన్న కాలు చక్రం కింద పడింది. "మీ మావ తప్పేటీ నేదు, నేనే పెంచమన్నాను," అని నాన్న వెయ్యిసార్లు చెప్పారు. మావయ్య ఒక్కసారి కూడా ఆ మాట నమ్మలేదు.

అమ్మ పోయాక నాన్నకి నేనే దిక్కు. ఇల్లు, కాలేజీ, మందుల షాపు, మళ్ళీ ఇల్లు. ఎవరో వచ్చి నన్ను కట్టేశారని చెప్పను. తాళం లోపలే ఉంది, తీసుకుని వెళ్ళడానికే మనసొప్పదు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది, విశాఖలో ఒకాయన అమ్ముతుంటే పాత టర్బో సెడాన్ ఒకటి కొన్నాను. బంధువులంతా నవ్వారు. పెళ్ళి చేసుకోమంటే రేసుకారు కొందన్నారు. నాకు మాత్రం ఆదివారం పొద్దున్న నాన్నకి టిఫిన్ పెట్టేసి సాలూరు దాకా తోలుకెళ్ళే ఆ గంటన్నరే ఊపిరి. ఊపిరి ఇంకాస్త ఎక్కువ కావాలనిపించింది. ఇంజన్ కంప్యూటరులో లెక్కలు మార్చి టర్బో చేత ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టించే పని ఒకటుందని, దాన్ని రీమ్యాప్ అంటారని చదివాను. నేరుగా మావయ్య దగ్గరకే వెళ్ళాను.

ఆయన చర్చి క్యాలెండరు వెనక బాల్‌పెన్నుతో వరస రాశారు. ఒకటి, బ్రేకులు. రెండు, టైర్లు. మూడు, రేడియేటరూ ఇంటర్‌కూలరూ. నాలుగు, క్లచ్ ప్లేటు. అయిదు అని వేసి ఖాళీగా వదిలేశారు.

"అయిదోది రీమ్యాప్ కదా?" అన్నాను.

"అది అప్పుడు సూద్దాం. ముందు ఆగడం నేర్పు దానికి. ఆగడం వస్తే పరుగు అదే వస్తాది."

ఏడాదికొకటి చొప్పున ఆ వరస నడిచింది. అబద్ధం ఎందుకు, ఆయన చెప్పిన ప్రతి పనీ మంచిదే. బ్రేకులు మార్చిన వారానికే రామభద్రపురం దగ్గర మేకల మంద అడ్డొచ్చింది. కారు గీత గీసినట్టు నిలబడింది. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు పెద్దది వేశాక ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఇంజన్ ఆయాసపడలేదు. ఆ చేతుల కింద నేను ఇంకెవరికీ దొరకనంత భద్రంగా ఉన్నాను. కానీ అయిదో నంబరు దగ్గరకి వచ్చేసరికి ఆయనకి ఏదో ఒకటి గుర్తొచ్చేది. ఇంజన్ దిమ్మలు, హోసులు, ప్లగ్గులు. ఇంకో రెండేళ్ళు అలా గడిచాక నాకు అర్థమైంది. ఆ ఖాళీ ఎప్పటికీ నిండదు. ఇంట్లో నాన్న కాలు, షెడ్డులో మావయ్య భయం, మధ్యలో నేను.

ఒక శనివారం కాలేజీకి సెలవు పెట్టి విశాఖ వెళ్ళి రీమ్యాప్ చేయించేశాను. తిరిగొస్తూ ఆనందపురం దాటాక పెడల్ నొక్కితే కారు నన్ను సీటుకి అదిమేసింది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. అంత నవ్వు నాలో ఉందని నాకే తెలీదు.

మర్నాడు సాలూరులో కారు షెడ్డు సందులోకి తిరగ్గానే మావయ్య పని ఆపి తలెత్తారు.

"ఏటి సేసినావే?"

"ఏటీ లేదు మావయ్యా. ఎయిర్ ఫిల్టరు మార్చాను."

"ఫిల్టరా," అన్నారు. టీ గ్లాసు ఖాళీ చేశారు. "సరే, ఆయిల్ మార్చాల. సాయంత్రం దాకా ఉంచెయ్యి."

ఆ సాయంత్రం నుంచి కారులో ఏదో తగ్గింది. పెట్రోలు మంచిది కాదనుకున్నాను. రెండు నెలలు తిప్పలు పడి మళ్ళీ విశాఖ వెళ్ళాను. అక్కడి మెకానిక్కు బానెట్ కింద తల దూర్చి, "మేడమ్, దీన్నెవరో కదిపారు," అన్నాడు. టర్బో పక్కన సన్నటి కడ్డీ ఒకటుంటుంది. టర్బో ఎంత గాలి నెట్టి ఎక్కడ ఆగాలో నిర్ణయించేది దాని పొడవే. దాని కొననున్న నట్టు వదులు చేసి, కడ్డీ పొడవు పెంచి, మళ్ళీ నీటుగా బిగించి ఉంది. ఎవరి చెయ్యో అడగక్కర్లేదు. ఒళ్ళు మండిపోయింది. "వెనక్కి తిప్పెయ్యండి," అన్నాను. అతను కంప్యూటరు చూసుకుంటూ పాత బలం వచ్చేదాకా తిప్పాడు. ఎన్ని మరలు తిప్పాడో లెక్కపెట్టలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం వెళ్ళి దులిపెయ్యాలనుకున్నాను. శుక్రవారమే మావయ్యకి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. లారీల రొద వినిపించే ముందు గదిలో మంచం వేశారు. ఏ బండి వెళ్ళినా ఆయన కళ్ళు దాని వెనకే కిటికీ దాటి వెళ్ళేవి, మనిషి మాత్రం అక్కడే. పక్కన కూర్చుంటే నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలీలేదు.

"మావయ్యా, అది ఫిల్టరు కాదు. రీమ్యాప్ చేయించాను."

"తెల్సు," అన్నారు ముద్దగా.

"నువ్వు చేసింది కూడా నాకు తెలిసింది."

ఒక్కో మాటా కూడదీసుకుని, "తిప్పేసినావేటి?" అన్నారు.

"నేదు మావయ్యా. నువ్వెట్టినట్టే ఉన్నాది."

ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పూట గంజి పూర్తిగా తాగారని అత్త సంబరపడింది. మూడు వారాల తర్వాత పోయారు.

సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నాకు వినిపించింది ఒక్కటే, నేను ఆయనకి చెప్పిన ఆ మాట. నన్ను నమ్మలేదని ఆయన మీద కోపం ఇంకా ఉంది. ఆయనుంటే ఇప్పటికీ పోట్లాడతాను. కానీ ఆ అబద్ధాన్ని అబద్ధంగా ఉంచి ఈ కారు తోలలేను.

అందుకని ఆదివారాలు పదో నంబరు పానా ఒకటి పట్టుకుని ఘాటు మొదట్లోకి వెళుతున్నాను. నట్టు వదులు చేసి కడ్డీని సగం మర తిప్పుతాను. రెండు మలుపులు ఎక్కి, అద్దం దించి వింటాను. ఆ రెండు నెలలూ కారు ఎలా పలికేదో గుర్తు తెచ్చుకుంటాను. ఒకసారి బలం ఎక్కువైనట్టుంటుంది, ఒకసారి మరీ తగ్గినట్టుంటుంది. ఆయన ఎక్కడ ఆపారో చెప్పేవాళ్ళు లేరు. టర్బో వేడి దిగేదాకా దాన్ని ముట్టుకోవడానికి లేదు. రోడ్డు పక్క పిట్టగోడ మీద పానా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. ఒడిశా వెళ్ళే లారీలు బరువుగా నా ముందునుంచి ఎక్కిపోతుంటాయి.