కొత్త కాకముందే వండిన చిక్కుడుకాయలు

నిన్న పొద్దున మా కోడలు నెల సరుకుల చీటీ రాయమని నన్ను కూర్చోబెట్టింది. నేను రాసుకుంటూ పోతే అది నలభై రకాలు దాటి కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఉన్నది నలుగురం, భీమడోలులో మా వీధి మొగలోనే కొట్టు, అయినా ఏది మరిచిపోతామోనని ఒకటే కంగారు. ఆ చీటీ చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మూడేళ్లు ఉన్న కొండ మీది ఊరికి కింది నుంచి రావలసిన సరుకులు రెండే, ఉప్పూ కిరసనాయిలూ.

మాది పెదపాడు దగ్గర పల్లె. నాన్నగారు మిషను బడిలో మాస్టారు. వరిచేలూ కాలవలూ తప్ప మిట్ట అన్నది ఎరగని నాకు టీచరమ్మగా మొదటి పోస్టింగు ఏజెన్సీలో, బస్సు దిగాక మూడు గంటలు కొండెక్కితే గానీ కనబడని కొండరెడ్ల ఊళ్లో వచ్చింది. మా అమ్మ ఏడ్చింది గానీ, నాకు మాత్రం లోపల ఉబలాటంగానే ఉంది. పాతిక ఇళ్లు, అన్నీ వెదురు తడికలవే. పోడులో సామలూ చోళ్లూ కందులూ పండించుకునేవారు, చింతపండూ తేనే అడవిలో తెచ్చుకునేవారు, తలకి కుంకుళ్లు, అన్నం తినడానికి అడ్డాకుల విస్తళ్లు, తాగడానికి ఊటనీళ్లు, సాయంత్రం మగవాళ్లకి జీలుగు కల్లు. ఏదైనా లేదంటే పక్కింట్లో ఉండేది, పక్కింట్లో లేదంటే ఆ వస్తువు లేకుండానే ఆ రోజు హాయిగా గడిచిపోయేది.

నాకు ముందు వచ్చిన మాస్టార్లు ఎవరూ నెల నిలవలేదట. నేను నిలిచాను, పదకొండు మంది పిల్లలు పంతొమ్మిది మంది అయ్యారు, అందుకు నాకు కాస్త గర్వం కూడా ఉండేదని ఒప్పుకుంటాను. ఊరిపెద్దని అక్కడ పెద్దకాపు అంటారు. ఆయన తల్లి మా పక్క ఇంట్లోనే ఉండేది. నేను వెళ్లిన ఏడాదే ఆవిడ పిడికెడు చిక్కుడు గింజలు ఇస్తే బడి తడిక పక్కన పాతాను. మంచు పడే రోజులు వచ్చేసరికి పాదు తడికంతా అల్లుకుని విరగకాసింది. నా చేత్తో పెంచిన మొదటి కాపు కదా, సంతోషం పట్టలేక ఒడినిండా కోసి, పెద్ద కుండలో కూర వండి, మధ్యాహ్నం సామల అన్నంతో పిల్లలందరికీ అడ్డాకుల్లో వడ్డించాను. ఒక్కరూ ముట్టలేదు. చిన్నవాళ్లిద్దరు చెయ్యి చాపబోతే పక్కనున్న అక్క ఆ చేతులు వెనక్కి లాగేసింది. తర్వాత అందరూ చప్పుడు లేకుండా లేచి వెళ్లిపోయారు.

మర్నాడు బడికి ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ, ఆపై రోజూ అంతే. దిగువన మా చేతి మంచినీళ్లు తాగనివాళ్లని చూస్తూ పెరిగినదాన్ని కనుక నాకు వెంటనే తోచింది అదొక్కటే, ఇక్కడా నా చేతిది పనికిరాలేదు అని. కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది. మూడో రోజు సాయంత్రం పెట్టె సర్దేశాను. పొద్దున్నే కొండ దిగిపోవాలనీ, మళ్లీ ఆ ఊరి మొహం చూడకూడదనీ నిశ్చయించుకున్నాను.

పెట్టె కొక్కెం వేస్తుండగా ముసలావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎక్కడికమ్మా, పెట్టె సర్దేశావు?"

"నా చేతిది తిననివాళ్ల పిల్లలకి నేనెలా చెప్పనండీ చదువు?" అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. "నీ చెయ్యేం చేసిందమ్మా? చిక్కుడు కొత్త ఇంకా అవ్వలేదు కదా. కొండకి పెట్టకుండా మనమెట్టా తింటాం? తింటే పోడు పండదు. పిల్లలు భయపడిపోయారు. నీకేం చెప్పాలో తెలీక మేమూ ఊరుకున్నాం."

అప్పుడు తెలిసింది. ఏ కొత్త పంటైనా ఊరంతా కలిసి ఒక రోజు అనుకుని, ముందు కొండదేవతకి పెట్టి, ఆ తరవాతే నోట పెడతారు. అందాకా పాదు నిండా కాయలు వేలాడుతున్నా ఎవరూ కోయరు. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గెందుకంటే ఆ మాట నాకు కొత్తేమీ కాదు. మా ఇంట్లోనూ మొదట కోసి కట్టిన వరి పన ప్రార్థన గుడిలో పాస్టరుగారి ముందు పెట్టేదాకా కొత్తబియ్యం వండేవారు కారు. ఒకసారి మా చిన్నాన్న వండించుకుంటే నాన్నగారు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పాను.

"అయితే నీకూ కొత్త ఉందన్నమాట!" అని ఆవిడ నోరంతా తెరిచి నవ్వింది. వెళ్లి కొడుక్కి చెప్పినట్టుంది, మర్నాడు నేను బడి తలుపు తీసేసరికి పంతొమ్మిది మందీ వచ్చి కూర్చున్నారు.

ఆ తరవాత కొత్త పండగ దాకా పద్దెనిమిది రోజులు నేనూ ఆ పాదు ముట్టలేదు. నా కళ్ల ముందే కాయలు ముదిరి పీచు కట్టాయి. పండగనాడు పెద్దలు తిన్నాక ముసలావిడ నన్ను పేరు పెట్టి పిలిచి, పిల్లల వరసలో కూర్చోబెట్టి, నా ఆకులో చిక్కుడుకూర వడ్డించింది. ఉప్పూ కారం తప్ప అందులో ఏమీ లేదు. కానీ అంత తృప్తిగా నేను మళ్లీ ఎక్కడా తినలేదు.

ఇప్పుడు మా పొలమే చేపల చెరువైంది. ఏ నెలలో పడితే ఆ నెలలో పట్టి ఆకివీడు లారీలకి ఎత్తేస్తారు. గుడికి మోసుకెళ్లడానికి మొదటి పన అంటూ లేదు. ఆ కొండ ఊరూ రోడ్డు పక్క కాలనీకి దిగింది. ఆడపిల్లలు కాలేజీకి వెళ్తున్నారు, ఆసుపత్రి దగ్గరైంది. అందుకు నాకు నిజంగా సంతోషమే. పోయినేడు వెళ్లినప్పుడు, పండగ చేస్తున్నారా అని అడిగితే, చేస్తున్నాం టీచరుగారూ, అందరికీ కుదిరిన ఆదివారం చూసుకుని, అన్నారు. చిక్కుళ్లు సంతలో ఏడాది పొడుగునా దొరుకుతున్నాయట. ఇక్కడ ఇంట్లో మేం నలుగురమూ అంతే కదా, ఎవరికి కావలసింది వాళ్లం, ఆకలైనప్పుడు తింటున్నాం. నా కోసం ఆగేవాళ్లూ లేరు, నేను ఆగవలసినవాళ్లూ లేరు.